తెనాలి కూడలి నుండి ఆచార్యపీఠము దాకా

మానవీయ శాస్త్రములను, సాంఘిక శాస్త్రములను బోధించిన మన ఆచార్యులు ఏ బడిలో చదివిరి, ఎవరి సన్నిధిని కూర్చుండిరి, ఏ దారిన విశ్వవిద్యాలయము చేరిరి? తెనాలి, బాపట్ల, రేపల్లె సీమల సాక్ష్యముతో ఒక పరిశీలన.

ఏ విశ్వవిద్యాలయమునకు పోయినను తెలుగు శాఖ, చరిత్ర శాఖ, అర్థశాస్త్ర శాఖ, తత్త్వశాస్త్ర శాఖ అని వరుసగా నున్న గదుల తలుపులపై ఆచార్యుల పేర్లును, ఆ పేర్ల వెనుక ఎం.ఏ., ఎం.ఫిల్., పిహెచ్.డి. అను అక్షరములును కనబడును. ఆ అక్షరములను చూచియే విద్యార్థి నమ్మి లోనికి పోవును. వానిని చూచియే అధికారి నియామకపత్రముపై సంతకము చేయును. అవి అవసరమైనవే, ఎన్నో ఏండ్ల శ్రమకు గుర్తులే. అయినను అవి ఆచార్యుని చదువులోని చివరి మజిలీని మాత్రమే చెప్పగలవు. ఆయన ఏ యూరి వీథిబడిలో అక్షరములు దిద్దెనో, ఏ పండితుని యొద్ద కావ్యము చదివెనో, ఏ పొలము గట్టుపై నిలిచి కౌలురైతు కష్టము తెలిసికొనెనో, ఆ అక్షరములు చెప్పవు. భౌతికశాస్త్రమున ప్రయోగశాల పాఠము చెప్పుటకు తోడ్పడును గాని, చరిత్రలో, సాహిత్యములో, తత్త్వములో, సమాజశాస్త్రములో గురువు బతికిన బతుకే ఆయన పాఠమునకు మూలద్రవ్యము. కనుకనే ఈ శాస్త్రముల ఆచార్యులు ఎక్కడి నుండి వచ్చిరను ప్రశ్న ఉత్త కుతూహలము కాదు. ఆ విశ్వవిద్యాలయము ఏమి ఆలోచింపగలదో, ఏమి ఆలోచింపజాలదో నిర్ణయించు ప్రశ్న.

ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు తెనాలి కంటె మంచి చోటు కానరాదు. తెనాలి జంక్షను నుండి సాగు రైలుదారులలో మూడు ఇచ్చట ముఖ్యములు: ఒకటి గుంటూరు వైపు, ఒకటి నిడుబ్రోలు మీదుగా బాపట్ల వైపు, ఒకటి వేమూరు, భట్టిప్రోలు దాటి రేపల్లె వైపు. మాగాణి పొలముల నడుమ, కాలువల వెంట సాగు ఈ మూడు దారుల మీది చిన్న చిన్న స్టేషన్ల నుండి బయలుదేరినవారు హైదరాబాదు, వాల్తేరు, తిరుపతి, మద్రాసులలో శాఖలకు పెద్దలైరి, కొందరు విశ్వవిద్యాలయములనే నడిపిరి.

పక్కపక్క స్టేషన్లు, ఇద్దరు ఉపకులపతులు

గుంటూరు నుండి తెనాలికి వచ్చు పాసింజరు బండి వేజెండ్లలో ఆగి, పిదప సంగం జాగర్లమూడిలో ఆగును. పక్కపక్కనే యున్న ఈ రెండూళ్లును తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమునకు చెరియొక ఉపకులపతిని ఇచ్చినవి.

సంగం జాగర్లమూడిలో 1924 సెప్టెంబరు 25న కొత్త సచ్చిదానందమూర్తి జన్మించిరి. రైతు కుటుంబములు నిండిన ఆ యూరి నుండి వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయమున తత్త్వశాస్త్రము చదివి, అక్కడనే ఆచార్యులై, శాఖకు దీర్ఘకాలము నాయకత్వము వహించిరి. 1959లో వెలువడిన 'రెవెలేషన్ అండ్ రీజన్ ఇన్ అద్వైత వేదాంత' అను వారి గ్రంథము శ్రుతిప్రమాణమునకు, తర్కమునకు గల సంబంధమును విచారించినది. శంకరుని సంస్కృతమును మూలముననే చదువగల పాండిత్యమును, పాశ్చాత్య దర్శనముతో సరితూగి వాదింపగల శిక్షణయు ఒకే వ్యక్తిలో కలిసినందుననే అట్టి గ్రంథము సాధ్యమైనది. వారు అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో అతిథి ఆచార్యులుగా బోధించిరి. 1975 నుండి 1978 వరకు తిరుపతిలో ఉపకులపతిగాను, 1986 నుండి 1989 వరకు విశ్వవిద్యాలయ నిధుల సంఘము (యు.జి.సి.) ఉపాధ్యక్షులుగాను పనిచేసిరి, 1984లో పద్మభూషణ్, 2001లో పద్మవిభూషణ్ పొందిరి. ఇన్ని పదవులు నిర్వహించిన పిమ్మట నివాసమునకు తమ యూరినే ఎంచుకొనిరి.

పక్క స్టేషను వేజెండ్లలో 1939 జులై 1న కొలకలూరి ఇనాక్ జన్మించిరి. వారి దారి వేరు. అంటరానితనపు కట్టుబాట్ల నడుమ దళిత కుటుంబమున పుట్టి, తెలుగు సాహిత్యమున పరిశోధన చేసి, అనంతపురము శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమున ఆచార్యులై, 1998లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ఉపకులపతి పీఠము నధిష్ఠించిరి. 2014లో పద్మశ్రీ, 2018లో 'విమర్శిని' గ్రంథమునకు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము వారిని వరించినవి. 'ఊరబావి' వంటి కథను వ్రాసిన చేయియే విద్యార్థుల సిద్ధాంత వ్యాసములను దిద్దినది. ఊరి బావి చుట్టు అల్లుకొన్న కులవ్యవస్థను అనుభవము వలన ఎరిగిన ఆచార్యుడు సాహిత్యశాఖలో కూర్చుండిన నాడు, అంతకుముందు ఎవరికిని పరిశోధనార్హములుగా తోచని జీవితములు పరిశోధనాంశములైనవి. ఆచార్యుని పూర్వరంగము మారినచో శాస్త్రము అడుగు ప్రశ్నలే మారుననుటకు ఇంతకు మించిన నిదర్శనము వలదు.

బాపట్ల దారి

తెలుగువారికొక విశ్వవిద్యాలయము కావలెనను కోరికకు బాపట్లతో గల బంధము చిన్నది కాదు. ప్రథమాంధ్ర మహాసభ 1913లో బయ్యా నరసింహేశ్వర శర్మ అధ్యక్షతన అక్కడనే జరిగినది. అప్పటికి మన కళాశాలలన్నియు మద్రాసు విశ్వవిద్యాలయము క్రింద నుండెను. ఆంధ్రోద్యమము బలపడిన కొలదియు ప్రత్యేక విశ్వవిద్యాలయమను తలంపును బలపడి, 1926లో బెజవాడ కేంద్రముగా ఆంధ్ర విశ్వవిద్యాలయము వెలసి, పిదప వాల్తేరునకు తరలినది.

ఆ బాపట్ల చేరువనున్న గార్లపాటిలో 1892లో రాయప్రోలు సుబ్బారావు జన్మించిరి. ఆధునిక తెలుగు కవిత్వమునకు కొత్త బాట వేసిన రాయప్రోలు హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయమున చిరకాలము తెలుగు బోధించిరి, పిదప తిరుపతిలోను తెలుగు శాఖకు పెద్దలైరి. శాంతినికేతనమున రవీంద్రుని సన్నిధిని గడపిన కాలము వారికి అన్ని తరగతి గదులకంటె పెద్ద చదువైనది. ఉర్దూ బోధనాభాషగా 1918లో స్థాపితమైన ఉస్మానియాలో, కోస్తా పల్లె నుండి వచ్చిన ఒక కవి తెలుగు పీఠమును నిలబెట్టెను. పీఠమునకు కవిని పిలుచు ధైర్యము ఆనాటి విద్యాధికారులకు ఉండెను.

అదే రైలుదారిలో, తెనాలికిని బాపట్లకును నడుమ, నిడుబ్రోలు కలదు. 1900 నవంబరు 7న అక్కడ పుట్టిన గోగినేని రంగనాయకులు, లోకమునకు ఎన్.జి. రంగా, గుంటూరులో చదివి, ఆక్స్‌ఫర్డుకు పోయి 1926లో అర్థశాస్త్రమున బి.లిట్. పట్టము పొంది వచ్చి, మద్రాసు పచ్చయప్ప కళాశాలలో అర్థశాస్త్రాచార్యులైరి. ఆక్స్‌ఫర్డు చదువు చదివిన వారు పరిశోధనకు ఎన్నుకొన్న విషయములలో ఒకటి దక్షిణదేశపు చేనేతవారి బతుకు. దానిపై వారి గ్రంథము 1930లో వెలువడినది. మగ్గపు గుంటలో కూర్చున్న మనిషి రోజుకు ఎన్ని గజములు నేయును, నూలు ఎవరి యొద్ద అప్పు తెచ్చును, ఆ అప్పు ఎట్లు తీరును అను ప్రశ్నలు ఆక్స్‌ఫర్డు గ్రంథాలయమున పుట్టవు; వానికి సమాధానము చెప్పు పద్ధతి మాత్రము అక్కడ నేర్వవచ్చును. పుట్టిన సీమ ప్రశ్న నిచ్చినది, విదేశీ విద్య పద్ధతి నిచ్చినది. ఈ కలయికయే మంచి సాంఘిక శాస్త్రాధ్యాపకునికి లక్షణము.

ఇంకను ముందుకు పోగా అప్పికట్ల వచ్చును. రేపల్లె సీమలోని కావూరున 1901లో పుట్టిన తుమ్మల సీతారామమూర్తి నివసించిన యూరది. వారు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులు. బాపట్లకు దూరము కాని కొమ్మూరున పుట్టిన జంధ్యాల పాపయ్యశాస్త్రి, అనగా కరుణశ్రీ, గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో అధ్యాపకులు. ఈ ఇరువురి పేర్ల వెనుక నున్నది 'ఉభయభాషాప్రవీణ' అను మాట. సంస్కృతాంధ్రములలో కావ్యములు, వ్యాకరణము, అలంకారశాస్త్రము మూలముననే చదివి పరీక్ష నిచ్చినవారికి దక్కు ఆ పట్టమునకు, విద్వాన్ పట్టమునకు, ఆంగ్ల డిగ్రీలతో సమానమైన గౌరవము గాని జీతము గాని నాటి వ్యవస్థ ఈయలేదు. అయినను పండితుల నోటి పద్యము విని తెలుగుపై మక్కువ పెంచుకొన్న తరముల నుండియే తరువాతి ఎం.ఏ.లు, పిహెచ్.డి.లు పుట్టిరి. ఈ ఋణము ఏ జీవితవిశేష పత్రములోను నమోదు కాలేదు.

రేపల్లె దారిలో శాసనాక్షరములు

రేపల్లె బండి భట్టిప్రోలులో ఆగును. 1892లో పురాతత్త్వవేత్త అలెగ్జాండర్ రే ఇచ్చటి బౌద్ధస్తూపమును త్రవ్వించినపుడు ధాతుకరండములు బయల్పడినవి; వానిపై బ్రాహ్మీ లిపిలో ప్రాకృత శాసనము లుండెను. లిపిశాస్త్రవేత్త జార్జి బ్యూలర్ వానిని చదివి ప్రకటించెను. అందులో 'కుబిరక' అను రాజు పేరు కలదు.

ఆ లిపిని ఒకసారి దగ్గరగా చూడుడు. అశోకుని బ్రాహ్మిలో హల్లును గుర్తు లేక వ్రాసినచో అందులో అకారము కలిసియే యుండును. దానికి చిన్న అడ్డగీత చేర్చినచో దీర్ఘమగును. భట్టిప్రోలు లేఖకుడు అట్లు చేయలేదు. ఆ అడ్డగీతను హ్రస్వమైన అకారమునకే వాడి, దీర్ఘమునకు గీత చివర క్రిందికి వంపు చేర్చెను. అశోకుని పద్ధతి ఒక్కటే తెలిసినవాడు ఈ రాతిని చదివినచో హ్రస్వమున్న చోటనెల్ల దీర్ఘము పలుకును. ఈ భేదమును పట్టుటకు లిపిశాస్త్రము రావలెను, ప్రాకృతము రావలెను, రాతి ముందు ఓపికతో కూర్చుండవలెను. ఈ మూడింటిలో ఏ ఒక్కటియు పుస్తకములు కంఠస్థము చేసినందున లభింపదు. తెలిసిన గురువు పక్కన కూర్చున్నపుడే అబ్బును.

అట్లు నేర్చినవారిలో మేటి మల్లంపల్లి సోమశేఖరశర్మ. గోదావరి సీమలో 1891లో పుట్టిన శర్మగారికి కళాశాల పట్టము లేదు. చిలుకూరి వీరభద్రరావు సాహచర్యమున చరిత్రపై ఆసక్తి పెంచుకొని, కొమర్రాజు లక్ష్మణరావు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమునకు పనిచేయుచు శాసనములు చదువుట సాధించిరి. రెడ్డిరాజ్యముల చరిత్రను గూర్చి వారు రచించిన ఆంగ్ల గ్రంథమును ఆంధ్ర విశ్వవిద్యాలయము 1948లో ప్రచురించినది. అంతటితో నాగక, ఆ విశ్వవిద్యాలయమే పట్టము లేని ఆ పండితుని చరిత్రాధ్యాపకునిగా నియమించుకొని, పట్టభద్రులకు పాఠము చెప్పించుకొనినది.

వాల్తేరులో కుదిరిన కూర్పు

ఈ ఔదార్యము ఒక్కనాడు పుట్టినది కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రథమ ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి కేంబ్రిడ్జిలో చరిత్ర చదివినవారు. తెలుగు సాహిత్య విమర్శకు కొత్త చూపు నిచ్చినవారు. వారి పిదప 1931లో వచ్చిన సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆచార్యులను దేశము నలుమూలల నుండి ఏరి తెచ్చిరి. ఆక్స్‌ఫర్డు చదువు ముగించి వచ్చిన వంగదేశపు యువకులు హుమాయూన్ కబీర్, హీరేన్ ముఖర్జీ వాల్తేరులో పాఠములు చెప్పిరి. అదే కాలమున తెలుగు శాఖను పింగళి లక్ష్మీకాంతము నడపిరి. వారు బందరులో అవధాని చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి శిష్యులు, మద్రాసు విశ్వవిద్యాలయపు ఎం.ఏ. కూడ. నెల్లూరు సీమ నుండి వచ్చిన మామిడిపూడి వెంకటరంగయ్య చరిత్ర, రాజనీతులు బోధించి, పిదప బొంబాయి విశ్వవిద్యాలయమున ఆచార్యులైరి.

ఆక్స్‌ఫర్డు పట్టము, అవధాని శిష్యరికము, శాసనముల నడుమ స్వయంకృషి ఒకే విశ్వవిద్యాలయమున చోటు చేసికొనినవి. ఒకరి చదువులోని లోపమును వేరొకరి చదువు పూరించెను. అట్టి చోట చదివిన విద్యార్థికి సత్యమును చేరుటకు దారులు పెక్కు గలవని ఎవరును వేరుగా చెప్పనక్కరలేదు.

తెనాలిలో నేటికిని సాగు పరీక్ష

విశ్వవిద్యాలయము వెలుపల సైతము ఈ సీమలో చదువు ఆగలేదు. కవిరాజు త్రిపురనేని రామస్వామి డబ్లినులో బారిష్టరు చదివి వచ్చి తెనాలిలో స్థిరపడి, పురాణములను హేతువాద దృష్టితో ప్రశ్నించిరి. తెనాలి ఐతానగరున పుట్టిన ఆలూరి బైరాగి బడి చదువు స్వల్పమే అయినను హిందీ నేర్చి, హిందీ ఉపాధ్యాయులై, రెండు భాషలలోను కవిత్వము వ్రాసిరి. వారి 'ఆగమగీతి'కి మరణానంతరము 1984లో సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. తెనాలి చేరువ కూచిపూడిలో పుట్టిన జి.వి. కృష్ణరావు కళాపూర్ణోదయముపై పరిశోధించి డాక్టరేటు పొందిరి, 'కీలుబొమ్మలు' నవలతో పల్లె రాజకీయమును తూచిరి. హేతువాదియు, పండితుడును, నవలాకారుడును ఒకే పట్టణపు వీథులలో ఎదురుపడి వాదించుకొన్న వాతావరణమది.

అదే తెనాలి పేర నేటికిని ఒక శాస్త్రపరీక్ష నడచుచున్నది. వ్యాకరణము, న్యాయము, మీమాంస, వేదాంతములలో ఒక శాస్త్రము నెన్నుకొన్న విద్యార్థి గురువు ఇంటనే యుండి ఏండ్ల తరబడి చదువును. ఆరు నెలల కొకసారి తెనాలికి వచ్చి వ్రాతపరీక్షతో పాటు పండితుల యెదుట మౌఖిక పరీక్షయు ఇచ్చును. ఇట్లు పదునాలుగు మెట్లు దాటిన పిదపనే మహాపరీక్ష. గ్రంథములోని ఏ పంక్తినైనను పండితుడు అడిగిన క్షణమున విప్పి చెప్పవలెను. పూర్వపక్షమును తనదే యన్నంత బలముగా నిలబెట్టి, ఆపై సిద్ధాంతము చెప్పవలెను. సిద్ధాంత వ్యాసమును వ్రాసి అట్టకట్టి సమర్పించుటతో ముగియు నేటి పరిశోధనకు ఈ మౌఖిక శిక్షణలో కొంతయైనను చేరినచో ఎంత మేలు జరుగునో ఊహింపవచ్చును.

నాగార్జున ముంగిట

తెనాలి, బాపట్ల, రేపల్లెల విద్యార్థులకు నేడు విశ్వవిద్యాలయమనగా గుంటూరు, విజయవాడల నడుమ జాతీయ రహదారి ప్రక్కనున్న ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయమే. 1967లో ఆంధ్ర విశ్వవిద్యాలయపు స్నాతకోత్తర కేంద్రముగా గుంటూరులో మొదలై, 1976లో స్వతంత్ర విశ్వవిద్యాలయమైనది. ఈ స్థాపనలో సచ్చిదానందమూర్తి కృషి కలదు. నాగార్జునుని గూర్చి గ్రంథము వ్రాసిన తత్త్వవేత్త తన యూరి విద్యార్థులకు వాల్తేరు దూరమని గుర్తించుట సహజమే. రాయలసీమలోని రాకెట్లలో పుట్టిన తూమాటి దోణప్ప ఇచ్చట తెలుగు ఆచార్యులై యుండి, 1985లో తెలుగు విశ్వవిద్యాలయమునకు తొలి ఉపకులపతిగా వెళ్లిరి. వేరు సీమ మనిషి, వేరు విశ్వవిద్యాలయపు శిక్షణ వచ్చి చేరినందున లాభపడిన శాఖ అది.

ఈ తలంపుతో నేటి మన రాష్ట్ర విశ్వవిద్యాలయములను చూచినచో మనస్సు కలత చెందును. 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము విశ్వవిద్యాలయములలో 3,220 అధ్యాపక పోస్టులు నింపుదుమని ప్రకటించినది. అంతటి ఖాళీ అప్పటికే పేరుకొనియుండెనని ఆ అంకెయే సాక్ష్యము. ఏండ్ల తరబడి నియామకములు లేని చోట కాంట్రాక్టు అధ్యాపకులు, అతిథి అధ్యాపకులు పాఠము నడపుదురు. వారిలో మిక్కిలి సమర్థులు కలరు. కాని వచ్చు ఏడాది తన కొలువు ఉండునో లేదో తెలియని వ్యక్తి పది సంవత్సరముల పరిశోధనకు ఎట్లు పూనుకొనును? మరియొక చిక్కు కలదు. ఒకే శాఖలో ఎం.ఏ. చదివి, ఆ శాఖలోనే, ఆ గురువు క్రిందనే డాక్టరేటు చేసి, ఆ గదిలోనే ఉద్యోగము పొందుట పరిపాటి యైనచో, తరము మారినను ప్రశ్న మారదు.

నియమావళియు నిలకడగా లేదు. 1989 నుండి యు.జి.సి. జాతీయ అర్హత పరీక్ష, అనగా నెట్, అధ్యాపక వృత్తికి ద్వారమైనది. విశ్వవిద్యాలయములలో సహాయాచార్య పదవికి పిహెచ్.డి. తప్పనిసరి యని 2018 నిబంధనలు చెప్పినవి. అది అమలునకు రాకమునుపే, 2023లో నెట్, రాష్ట్రస్థాయి పరీక్షలైన సెట్, స్లెట్‌లే కనీసార్హత యని మార్పు వచ్చినది. ఏది కనీసమైనను అది కనీసమే. నెట్ ప్రశ్నాపత్రము అభ్యర్థి జ్ఞాపకమును కొలుచును. అతడు భట్టిప్రోలు రాతిని చదువగలడా, రేపల్లె తీరపు మత్స్యకారుని అప్పు లెక్క విప్పగలడా అనునది కొలువదు.

సాంఘిక శాస్త్రముల విషయమున ఈ లోటు మరింత బరువైనది. తెనాలి, బాపట్ల రైలుదారి మీదనే చుండూరు కలదు. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనమండుగురు దళితులను హతమార్చిరి. కులమును గూర్చి పాఠము చెప్పు ఏ ఆచార్యుడును ఆ యూరిని విస్మరింపజాలడు. ఆ యూళ్ల నుండి, ఆ వాడల నుండి, ఆ కుటుంబముల స్త్రీల నుండి ఆచార్యులు రానిచో, మన సమాజశాస్త్రము మనల గూర్చి ఇతరులు వ్రాసిన పుస్తకముల పునశ్చరణగానే మిగులును.

చేయవలసినది

మొదటిది, ఖాళీలను శాశ్వత నియామకములతో నింపవలెను. ఇందుకు ప్రత్యామ్నాయము లేదు. రెండవది, ఏ శాఖయైనను తన విద్యార్థులనే కాక ఇతర విశ్వవిద్యాలయముల వారిని, ఇతర సీమల వారిని చేర్చుకొనుటను నియమముగా పెట్టుకొనవలెను. మూడవది, పట్టము లేని విద్వాంసునికి తలుపు తెరవవలెను. 2022లో యు.జి.సి. 'ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్' అను పేర, తమ రంగమున నిష్ణాతులైనవారిని పట్టములతో నిమిత్తము లేక నియమించుకొనవచ్చునని, అట్టివారు మంజూరైన పోస్టులలో పదింట ఒక వంతు మించరాదని మార్గదర్శకములు వెలువరించినది. ఆ అవకాశమును పరిశ్రమల నిర్వాహకులకే వదలక, శాసనములు చదువగల స్వయంకృషీవలునికి, శాస్త్రపరీక్ష నెగ్గిన పండితునికి, జానపద కళను కంఠమున నిలుపుకొన్న కళాకారిణికి ఈయవలెను. సోమశేఖరశర్మ విషయమున వాల్తేరు చేసినది ఇదియే. నేడు మార్గదర్శకములు సైతము అనుకూలముగా నున్నవి.

చివరి మాట ఈ సీమ తల్లిదండ్రులకు. మీ యింటి బిడ్డ చరిత్ర చదువుదుననియో, తెలుగు చదువుదుననియో, అర్థశాస్త్రము చదువుదుననియో అన్నపుడు ఇంజనీరింగు సీటును చూపి ఆ కోరికను త్రుంచకుడు. వేజెండ్ల, సంగం జాగర్లమూడి, నిడుబ్రోలు, గార్లపాడు పెద్ద నగరములు కావు. అక్కడి పిల్లలు ఈ చదువులే చదివి దేశమునకు ఆచార్యులైరి. మీ బిడ్డకును ఆ దారిని తెరచి యుంచుడు.